నల్లగొండ డాక్టర్లకు బహిరంగ లేఖ: మీ వివరాలు తలుపు బయటే, తెలుగులో రాయండి

నల్లగొండ పట్టణంలో క్లినిక్‌లు, నర్సింగ్ హోమ్‌లు, ఆస్పత్రులు నడుపుతున్న డాక్టర్లకు, వాటి రిజిస్ట్రేషన్ చూసే జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి గారికి నమస్కారాలు.

నేను దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఊళ్లో, చుట్టుపక్కల తండాల్లో ఎవరికి బాగాలేకపోయినా నల్లగొండకు బయలుదేరే ముందు నన్ను అడగడం అలవాటైపోయింది. "సారూ, నడుము నొప్పికి ఎవరికి చూపెట్టాలె?", "మా అత్తకు చేతులు తిమ్మిర్లు ఎక్కుతున్నయి, నరాల డాక్టర్ ఎవరున్నరు?" అని ఫోన్లు చేస్తారు. జీవశాస్త్రం చెప్పే సారుకు డాక్టర్ల సంగతి తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు తెలిసేది కూడా మీ బోర్డుల మీద రాసి ఉన్నంత వరకే. అందుకే మీకు ఈ ఉత్తరం.

నేను అడిగేది చిన్న విషయం. రోగి ఓపీ చీటీకి డబ్బు కట్టకముందే, లోపల కూర్చున్న డాక్టర్ ఎవరు, ఏం చదివారు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఏ రోజు ఏ వేళకు ఉంటారు, ఫీజు ఎంత అన్న సంగతులు తెలుగులో, తలుపు బయట కనిపించాలి.

ప్రకాశం బజార్‌లో, రామగిరిలో, హైదరాబాద్ రోడ్డు పొడవునా బోర్డులకు కొదవ లేదు. డాక్టర్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పేరు కింద చదువు మాత్రం ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఉంటుంది. ఎంబీబీఎస్ అంటే డాక్టర్ చదువని అందరికీ తెలుసు. ఆ తర్వాత వచ్చే ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ, డీసీహెచ్, డీజీవో, డీఎం, ఎంసీహెచ్‌లలో ఏది దేనికో పొద్దున్నే బస్సు దిగి వచ్చిన మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఎండీ అని ఉంటే ఏ ఎండీ? జనరల్ మెడిసిన్, మత్తు వైద్యం, రక్తం, కణజాలం పరీక్షలు చూసే పాథాలజీ, అన్నిట్లోనూ ఎండీ ఉంది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు కష్టపడితేనే ఆ ఎండీలు వస్తాయి. కానీ జ్వరం తగ్గని మనిషి వీళ్లలో ఎవరి తలుపు తట్టాలో తెలియాలంటే ఆ విభాగం పేరు పక్కన ఉండాలి. డీఎం, ఎంసీహెచ్ అయితే ఎండీ, ఎంఎస్‌ల తర్వాత ఇంకో మూడేళ్ల చదువు. గుండె, నరాలు, కిడ్నీల లాంటి వాటికి ప్రత్యేకంగా చదివినవాళ్లు వీళ్లు. ఇంత కష్టపడి సంపాదించుకున్న చదువును, అది ఎవరికి అవసరమో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాయకపోతే ఎట్లా?

మా వాళ్లు డాక్టర్లను డిగ్రీల పేర్లతో గుర్తు పెట్టుకోరు. ఎముకల డాక్టర్, నరాల డాక్టర్, పిల్లల డాక్టర్, షుగర్ డాక్టర్ అంటారు. బోర్డు మీద కూడా ఆ మాటలే ఉంటే చాలు, సగం తిరుగుడు తప్పుతుంది. అయితే ఆ మాటల వెనక ఉన్న అర్హత కూడా నిజంగా రాయాలి. షుగర్ మీద సర్టిఫికెట్ కోర్సు చేసిన ఎంబీబీఎస్ డాక్టర్ బోర్డు మీదా, షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీలో డీఎం చేసిన డాక్టర్ బోర్డు మీదా 'షుగర్ స్పెషలిస్ట్' అనే ఉంటే చూసేవాళ్లకు తేడా ఎట్లా తెలుస్తుంది? మొదటి డాక్టర్ దగ్గర మందులు వాడి షుగర్ అదుపులో పెట్టుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు, ఆయన వైద్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ జబ్బు ముదిరినప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకోవడానికి రోగికి ఆ తేడా తెలియాలి. ప్రత్యేక అర్హత లేని విభాగంలో స్పెషలిస్టునని చెప్పుకోకూడదని మీ వృత్తి నియమాలే చెబుతున్నాయి.

మన జిల్లాలో ఈ తేడా ఎందుకంత ముఖ్యమో మీకు నాకంటే బాగా తెలుసు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు ఇవి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, అంతకుముందు ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అక్కడే ఉంది. అరవై ఏళ్ల మనిషికి మోకాళ్లు పట్టేస్తే అది వయసుతో వచ్చిన కీళ్ల అరుగుదల కావచ్చు, ఫ్లోరైడ్ చేరి వచ్చే ఫ్లోరోసిస్ కావచ్చు, రెండూ కావచ్చు. ఫ్లోరోసిస్ ముదిరి వెన్నుపాము మీద ఒత్తిడి పడితే కాళ్లు మొద్దుబారతాయి, నడక తప్పుతుంది. అప్పుడు నొప్పి గోళీలతో నెలలు గడిపితే నష్టం పెరుగుతుంది. ఎముకల డాక్టర్ దగ్గరికా, నరాల డాక్టర్ దగ్గరికా, ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరికా అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది హైదరాబాద్ నుంచి వచ్చే డాక్టర్ల వ్యవహారం. వాళ్లు రావడం మంచిదే. గుండెకో నరాలకో చూపించుకోవడానికి హైదరాబాద్ దాకా పోలేని వాళ్లకు నెలలో రెండు ఆదివారాలైనా పెద్ద డాక్టర్ నల్లగొండలో దొరకడం మేలు. కానీ వాళ్ల పేర్లు బోర్డు మీద నెలంతా ఉంటాయి. వాళ్లు ఏ రోజు వస్తారో మాత్రం ఉండదు. మా ఊరి పెద్దమ్మ ఒకామె, కాళ్లు తిమ్మిర్లకు చూపించుకోవడానికి, బోర్డు మీద నరాల డాక్టర్ పేరు చూసి ఒక ఆస్పత్రికి పోయింది. చీటీ రాయించుకుంది, డబ్బు కట్టింది, బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిస్తే ఒక కుర్ర డాక్టర్ చూసి రక్త పరీక్షలు, ఎక్స్‌రే రాశారు. "బోర్డు మీద ఉన్న సారు ఈయనేనా?" అని బయట అడిగితే, "పెద్ద సారు ఆదివారం వస్తడు, ఇయ్యాల ఉన్న సారుకు చూపెట్టుకున్నవ్ గదా" అన్నారట. ఆ కుర్ర డాక్టర్ పేరు చీటీ మీద లేదు. సంతకం ఒక గీత. పైన ముద్రించి ఉన్నది మాత్రం ఆ రోజు రాని పెద్ద డాక్టర్ పేరే. పెద్దమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టి "నన్ను చూసిందెవరు బిడ్డా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ కుర్ర డాక్టర్ బాగానే చూసి ఉండవచ్చు. ఆయన రాసిన పరీక్షలు అవసరమైనవే కావచ్చు. అయినా తనను చూసింది ఎవరో రోగికి తెలియాలి కదా. రేపు మందు పడక దద్దుర్లు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఇంకో డాక్టర్ దగ్గరికి పోయి "ముందు ఎవరు చూశారు?" అని అడిగితే ఏం చెప్పాలి? మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు బస్సు చార్జీ లేదు, నిజమే. కానీ పత్తి ఏరే రోజుల్లో ఒక రోజు కూలి పోతే ఇంట్లో ఎంత కటకటో మీరూ ఎరుగుదురు. ఆదివారం వస్తారని ముందే రాసి ఉంటే ఆ పెద్దమ్మ ఆదివారమే వచ్చేది.

ఇప్పుడు నియమాల సంగతి. ఇవన్నీ మీకు తెలిసినవే. చదివే మిగతావాళ్లకు తెలియాలని రాస్తున్నాను. డాక్టర్ల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నియమావళి ఇప్పటికీ అమల్లో ఉంది. 2023 ఆగస్టులో, దేశంలో డాక్టర్ల చదువునూ వృత్తినీ చూసే నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నియమాలు తెచ్చి అదే నెలలో పక్కన పెట్టింది కాబట్టి పాతవే చెల్లుతున్నాయి. వాటి ప్రకారం డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి. మందుల చీటీ మీద, సర్టిఫికెట్ల మీద, డబ్బు తీసుకున్న రసీదు మీద కూడా అది ఉండాలి. పేరు పక్కన గుర్తింపు పొందిన అర్హతలే రాసుకోవాలి. ఫీజును తన గదిలో గానీ, తాను వచ్చి చూసే ఆస్పత్రిలో గానీ, రెండు చోట్లా గానీ బోర్డు మీద పెట్టాలి. వైద్యం మొదలుపెట్టకముందే ఫీజు చెప్పాలి. మందుల చీటీ మీద పూర్తి పేరు, హోదా, రిజిస్ట్రేషన్ వివరాలు ఉండాలి. రద్దీగా ఉండే ప్రభుత్వ ఆస్పత్రుల్లో కూడా మందు రాసిన డాక్టర్ సంతకం కింద పేరు రాయాలని ఆ నియమాల్లోనే ఉంది. మా పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇరవై ఏళ్ల కిందటే నియమంగా రాసిపెట్టారు.

"బోర్డు మీద ఇవన్నీ రాస్తే ప్రచారం చేసుకున్నట్టు అవుతుంది, డాక్టర్లు ప్రచారం చేసుకోకూడదు" అని ఒక డాక్టర్ నాతో మర్యాదగానే అన్నారు. ఆ సంకోచాన్ని నేను గౌరవిస్తాను. కానీ నియమం అడ్డు చెప్పేది వేరే వాటికి. బోర్డు మీద గానీ లెటర్‌హెడ్ మీద గానీ సొంత ఫొటో వేసుకోవడం స్వప్రచారం అంటుంది. మామూలు కొలతకు మించిన పెద్ద బోర్డు తగదంటుంది. తాను కూర్చోని చోట, మందుల షాపు మీద తన పేరు బోర్డు పెట్టకూడదంటుంది. పేరు, చదువు, విభాగం, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదయ్యారో ఆ వివరం, ఇవి మాత్రం రాసుకోవచ్చని స్పష్టంగా ఉంది. ప్రాక్టీస్ మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు అందుబాటులో లేనప్పుడు పేపర్లో ప్రకటన ఇచ్చుకోవచ్చు. ఫీజులు ప్రకటించవచ్చు. ఇప్పుడు మన రోడ్ల మీద చూస్తే, వద్దన్న ఫొటో ఫ్లెక్సీ మీద నిలువెత్తున ఉంటోంది, ఉండాల్సిన నంబరు ఎక్కడా కనిపించడం లేదు. ఇది నాకు బాధగా ఉంది.

తెలుగులో రాయడం కష్టమని కూడా అనలేం. స్కానింగ్ సెంటర్ ఏదైనా చూడండి. పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పరు, అది నేరం అని తెలుగులో బోర్డు ఉంటుంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద స్థానిక భాషలో పెట్టాల్సిందే. పెట్టకపోతే తనిఖీలో పట్టుకుంటారు కాబట్టి అందరూ పెట్టారు. తండాలోని చదువురాని ఆడవాళ్లకు కూడా ఇప్పుడు ఆ మాట తెలుసు. ఆస్పత్రుల, క్లినిక్‌ల రిజిస్ట్రేషన్‌కు సంబంధించిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నియమాల్లో కూడా ఏ సేవకు ఎంత తీసుకుంటారో స్థానిక భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ కనిపించేలా పెట్టాలని ఉంది. ఆ బోర్డు పెట్టగలిగిన చేతులు ఈ బోర్డు కూడా పెట్టగలవు.

ఇక ఆర్ఎంపీల మాట, అంటే ఊళ్లలో డాక్టర్ చదువు లేకుండా వైద్యం చేసేవాళ్ల మాట. వాళ్ల గురించి మాట్లాడితే చాలామంది డాక్టర్లకు కోపం వస్తుంది. అర్హత లేకుండా యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు వాడేవాళ్ల మీద ఈ మధ్య తెలంగాణ మెడికల్ కౌన్సిల్ తనిఖీలు చేసి కేసులు పెడుతోంది, అది సరైన పనే. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆధునిక వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అయినా అర్ధరాత్రి తండాలో బిడ్డకు జ్వరం కాగిపోతుంటే తలుపు తీసేది ఆర్ఎంపీయే అన్న సంగతి ఆ తండా మనిషి మర్చిపోలేడు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. నల్లగొండలో ఏ ఆస్పత్రిలో ఏ డాక్టర్ ఏ రోజు ఉంటాడో మా వాళ్లకు చెబుతున్నది కూడా ఆర్ఎంపీయే. బోర్డు చెప్పని వివరం ఆయన నోట వస్తుంది. ఆయన ఒక ఆస్పత్రి పేరు చెబుతాడు, ఫోన్ చేసి పంపిస్తాడు, కొన్నిచోట్ల వెంట కూడా వస్తాడు. పంపినందుకు ఆయనకు ముట్టేది చివరికి రోగి బిల్లులోనే కలుస్తుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం తప్పని 2002 నియమాల్లో ఉంది. కమీషన్ ఇవ్వడం ఇష్టం లేని డాక్టర్లు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. "ఇవ్వకపోతే ఓపీ ఉండదు సార్" అని కొత్తగా క్లినిక్ పెట్టిన ఒక కుర్ర డాక్టర్ బాధపడటం విన్నాను. అట్లాంటివాళ్లకు ఈ బోర్డే అండ. వివరాలు అందరికీ తెలిసే చోట ఉంటే, తెలియనివాళ్లకు తెలియజెప్పే పేరుతో నడిచే ఈ బేరం కొంతైనా తగ్గుతుంది.

నంబరు ఎందుకని కొందరు అడుగుతారు. పల్లెటూరి మనిషి ఆ నంబరుతో ఏం చేస్తాడని. ఆయన చేయలేకపోవచ్చు, పదో తరగతి చదివే ఆయన మనవరాలు చేయగలదు. ఆ నంబరుతో, రాష్ట్ర కౌన్సిల్ పేరుతో నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌ను ఫోన్లోనే వెతకవచ్చు. డాక్టర్ పేరు, ఏ యూనివర్సిటీలో ఎంబీబీఎస్ చేశారు, ఏ సంవత్సరం నమోదయ్యారు అన్నవి కనిపిస్తాయి. మా బడి పిల్లలకు ఇది నేర్పాను, వాళ్లు ఇంట్లో వాళ్లకు చూసి పెడుతున్నారు. ఒక చిక్కు మాత్రం ఉంది. 2014కు ముందు నమోదైన డాక్టర్లలో కొందరికి పాత ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ నంబర్లు ఉండవచ్చు కాబట్టి, ఏ కౌన్సిల్ నంబరో పక్కన రాయకపోతే వెతికేవాళ్లు తికమకపడి మంచి డాక్టర్‌ను కూడా అనుమానించే ప్రమాదం ఉంది. పీజీ చదువును కూడా కౌన్సిల్‌లో విడిగా నమోదు చేయించుకోవాలి కదా. అది చేయించని వాళ్లుంటే ఆ పని కూడా పూర్తి చేయండి.

రష్యాలో, చైనాలో, ఫిలిప్పీన్స్‌లో చదివి వచ్చిన పిల్లలు మన జిల్లాలో ఉన్నారు. వాళ్లు విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసై, ఇంటర్న్‌షిప్ చేసి, కౌన్సిల్‌లో నమోదైతే ఇక్కడ చదివినవాళ్లతో సమానమే. దాచుకోవలసింది ఏమీ లేదు. ఆయుర్వేదం, హోమియో, యునానీ చదివినవాళ్లకు కూడా వాళ్ల చదువే గౌరవం. ఆ వైద్యం పేరు బోర్డు మీద స్పష్టంగా రాస్తే, దాని కోసం వచ్చేవాళ్లు దాని కోసమే వస్తారు.

మా వైపు నుంచి చూస్తే బోర్డు మీద ఇంకొన్ని చిన్న సంగతులు ఉంటే బాగుంటుంది. ఒకసారి కట్టిన ఫీజు ఎన్ని రోజులు చెల్లుతుంది? రిపోర్టులు చూపించడానికి మళ్లీ చీటీ రాయించాలా? ఎమర్జెన్సీకి ఎక్కువ తీసుకుంటే ఎంత? రాత్రిపూట ఎవరుంటారు? ఆరోగ్యశ్రీ ఉంటే ఏ విభాగాలకు ఉంది? 'ఆరోగ్యశ్రీ కలదు' అని గేటు మీద చూసి, పది లక్షల దాకా వర్తిస్తుందని విన్న మనిషి ధైర్యంగా చేరతాడు. తన జబ్బు ఉన్న విభాగానికి అక్కడ ఆరోగ్యశ్రీ లేదని రెండో రోజు తెలిస్తే, అప్పుడు వడ్డీకి డబ్బు తేవడం తప్ప దారి ఉండదు. ఆ టెన్షన్ జబ్బు కంటే ఎక్కువ. ఒక్క వాక్యం రాస్తే అది తప్పుతుంది.

ఇవన్నీ ఇప్పటికే చేస్తున్నవాళ్లు మన పట్టణంలో ఉన్నారు. ఒక పిల్లల డాక్టర్ తన క్లినిక్ ముందు చిన్న నల్లబల్ల పెట్టించారు. ఊళ్లో లేని రోజులు ముందే దాని మీద సుద్దముక్కతో రాయిస్తారు, ఆ రోజుల్లో ఎవరికి చూపించుకోవచ్చో ఇంకో డాక్టర్ పేరు కూడా రాయిస్తారు. బయట తెలుగులో ఫీజు, వేళలు, నంబరు ఉంటాయి. ఆయన క్లినిక్ ఎప్పుడూ ఖాళీగా లేదు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి (డీఎంహెచ్‌వో) గారికి నా విన్నపం ఇది. ఆస్పత్రులకు, క్లినిక్‌లకు రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఫైర్ సేఫ్టీ, వ్యర్థాల నిర్వహణ కాగితాలు అడుగుతారు. వాటితో పాటు ఈ బోర్డు ఫొటో కూడా అడగండి. వచ్చి వెళ్లే స్పెషలిస్టుల పేర్లు, వాళ్లు వచ్చే రోజులు, వాళ్ల నంబర్లు దరఖాస్తులో రాయించండి, అవే బోర్డు మీద ఉన్నాయో లేదో తనిఖీకి వచ్చినప్పుడు చూడండి. డ్యూటీ డాక్టర్ పేరు, నంబరు ముద్ర లేని మందుల చీటీ కనిపిస్తే ముందు రాతపూర్వకంగా హెచ్చరించండి. మిర్యాలగూడ, దేవరకొండ లాంటి చోట్ల కూడా ఇదే చేయించండి. మా వైపు వాళ్లు ముందు అక్కడికే పోతారు.

బోర్డు తెలుగులో ఎట్లా రాయాలో అడిగితే మా టీచర్లం రాసిపెడతాం. మీ డిగ్రీలు, విభాగం, నంబరు, వేళలు ఒక కాగితం మీద రాసి పంపితే చాలు. ఊరివాళ్లకు అర్థమయ్యే మాటల్లో, తప్పులు లేకుండా రాసి ఇస్తాం, డబ్బులేమీ అక్కర్లేదు. బోర్డు పెట్టిన డాక్టర్ల వివరాలు మా బడి నోటీసు బోర్డు మీద, గ్రామ పంచాయతీ ఆఫీసులో మేమే పెడతాం. ఈసారి "ఎవరికి చూపెట్టాలె సారూ?" అని ఫోన్ వస్తే చదివి చెప్పడానికి నా దగ్గర కూడా ఒక కాపీ ఉంటుంది.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు